కీటోయాసిడోసిస్‌లో ఇన్సులిన్ కంటే ముందు సెలైన్ ఎందుకు?

సికింద్రాబాద్ నుంచి ఒకరి ప్రశ్న: షుగర్ 500 దాటిన తమ్ముణ్ణి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ముందు సెలైన్ ఎక్కించి, రక్తపరీక్ష వచ్చాకే ఇన్సులిన్ మొదలుపెట్టారట. ఆలస్యం కాదా అని.

కాదండీ, అదే సరైన పద్ధతి. కీటోయాసిడోసిస్ అంటే ఒంట్లో ఇన్సులిన్ బాగా తగ్గి, షుగర్‌తో పాటు కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోయే ప్రమాదకర స్థితి. షుగర్ అంత పెరిగితే మూత్రంలో నీరు, లవణాలు లీటర్ల కొద్దీ పోతాయి. అందుకే పెద్దవాళ్లకి మొదట గంటకు 500 నుంచి 1000 మి.లీ. సెలైన్ ఎక్కిస్తారు. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఆచితూచి.

అసలు భయం పొటాషియంతో. రిపోర్టులో మామూలుగానే కనిపించినా ఒంట్లో నిల్వ తగ్గిపోయి ఉంటుంది. పైగా ఇన్సులిన్ దాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెట్టేస్తుంది. మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే 3.5 కంటే తక్కువుంటే ముందు పొటాషియం ఇస్తారు. ఆ తర్వాతే ఇన్సులిన్, కిలో బరువుకు గంటకు 0.1 యూనిట్ చొప్పున.

షుగర్ 250కి దిగాక గ్లూకోజ్ ఎక్కిస్తుంటే ఇంటివాళ్లు కంగారుపడతారు, అది సహజం. కానీ రక్తంలో కీటోన్లు, ఆమ్లం తగ్గేదాకా ఇన్సులిన్ ఆపకూడదు. షుగర్ మరీ పడిపోకుండా కాసేది ఆ గ్లూకోజే.

షుగర్ ఉన్నవాళ్లకి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే 108కి ఫోన్ చేయండి. జ్వరమొచ్చి తిండి సయించకపోయినా టైప్ 1 షుగర్ వాళ్లు (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకానివాళ్లు) ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు, మోతాదు డాక్టర్ని అడగాలి.