‘తమ్ముడెలా ఉన్నాడు?’ అని మొదలుపెట్టకండి
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా సంస్థ వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేస్తోంది. వాళ్ల తోబుట్టువులకు తోడుగా ఉండటానికి పదిమంది యువతీయువకుల్ని మెంటర్లుగా తయారుచేద్దామనుకుంటున్నాం. ఒక్కరోజు శిక్షణ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మూడేసి గంటల చొప్పున నాలుగు పూటలు, పూటకీ పూటకీ మధ్య వారం ఎడం పెట్టుకోండి. ఆ వారంలో వాళ్లు తమ ఇంట్లోవాళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర మాట తెంపకుండా వినడం సాధన చేసి రావాలి. ఈ పనికి కావలసిన నైపుణ్యంలో ముప్పాతిక వంతు అదే.

చాలామంది చేసే పొరపాటు మొదటి పూటంతా డాక్టరు చేత ఆటిజం, సెరిబ్రల్ పాల్సీల మీద ఉపన్యాసం ఇప్పించడం. దానికి అరగంట చాలు. మిగతా సమయం తోబుట్టువుల మనసులో ఏముంటుందో చెప్పండి. అది వయసును బట్టి మారుతుంది. అయిదారేళ్ల పిల్ల ‘నేను నెట్టినందుకే తమ్ముడికి ఫిట్స్ వచ్చాయేమో’ అనుకుంటుంది, అది తనకూ అంటుకుంటుందేమోనని భయపడుతుంది. పదేళ్లు దాటితే స్నేహితుల్ని ఇంటికి పిలవడానికి సిగ్గు, ఆ సిగ్గు పడినందుకు మళ్లీ తప్పుచేసిన బాధ. పదహారేళ్లకు ‘అమ్మానాన్నల తర్వాత వీణ్ణి చూడాల్సింది నేనేగా’ అన్న లెక్క మొదలవుతుంది. ప్రేమా కోపమూ ఒకే పూట రెండూ ఉంటాయి. ఒకటి నిజం, రెండోది అబద్ధం అనుకోకూడదు. జబ్బు గురించి పిల్లలు అడిగే ప్రశ్నలకు మెంటర్ తనకు తోచిన జవాబు చెప్పకూడదు. ఆ ప్రశ్నను పిల్లల చేతే రాయించి, అమ్మానాన్నల్నో డాక్టరునో అడిగేలా చూడాలి.

రెండో పూట పూర్తిగా సాధన. ముగ్గురేసి కూర్చోవాలి: చెప్పేవారు, వినేవారు, గమనించేవారు. అయిదు నిమిషాలకోసారి పాత్రలు మార్చండి. గమనించేవారు మూడింటిని లెక్కపెట్టాలి: ఎన్నిసార్లు సలహా ఇచ్చారు, ఎన్నిసార్లు పొగిడారు, ఎన్నిసార్లు తమ సొంత కథ ఎత్తుకున్నారు. మొదటిసారి అంకెలు చూసి అందరూ కంగుతింటారు.

పొగడ్త ఎందుకు తప్పు అని తప్పకుండా అడుగుతారు. ‘తమ్ముణ్ణి ఎంత బాగా చూసుకుంటున్నావో!’ అంటే, చూసుకున్నంత కాలమే తనంటే ఇష్టమని ఆ పిల్లకు అర్థమవుతుంది. ఆ తర్వాత విసుగొచ్చినా మీ ముందు నవ్వుతుంది. అలాగే ‘వాడంటే నాకు అసహ్యం’ అన్నప్పుడు ‘పాపం, వాడికి తెలియదు కదా’ అన్నారో, అక్కడితో మాట ఆగిపోతుంది. ‘నువ్వు కష్టపడి వేసిన బొమ్మ చింపేసేసరికి ఒళ్లు మండిందా?’ అనండి, ఇంకో నాలుగు మాటలు బయటికొస్తాయి.

మూడో పూట భద్రత, గోప్యత హద్దులు. నాలుగో పూట ఆటలు, వీడ్కోలు చెప్పే పద్ధతి. వీలైతే ఆరోజు ఇద్దరు ముగ్గురు పెద్దవయసు తోబుట్టువుల్ని పిలిచి మాట్లాడించండి. ఆటల్ని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో డాన్ మేయర్ రూపొందించిన ‘సిబ్‌షాప్స్’ అనే తోబుట్టువుల కార్యక్రమం ముఖ్యంగా 8 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసం. అక్కడ ఆటల మధ్యలోనే మాటలు నడుస్తాయి. కౌన్సెలింగ్ తరగతిలా అనిపిస్తే పిల్లలు రెండోసారి రారు.

ఎంపికలో ఒక్క విషయం దగ్గర గట్టిగా ఉండండి: ఏడాదిపాటు, నెలకు కనీసం రెండుసార్లు వస్తానన్న మాట. మెంటరింగ్ మీద గ్రాస్‌మన్, రోడ్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాదికి పైగా సాగిన మెంటర్–పిల్లల జంటల్లో పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జంటల్లో పిల్లల ఆత్మవిశ్వాసం దెబ్బతింది. ఇంట్లో ఎప్పుడూ రెండో వరసలో ఉన్న పిల్లకు మరొకరు మధ్యలో వదిలేసి వెళ్లడం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఏడాది కుదరదన్నవారిని బృందంగా జరిగే ఆటల రోజుకు వాడుకోండి, జంట కట్టకండి.

ప్రశ్న: పదకొండేళ్ల అమ్మాయికి రెండు నెలలుగా మెంటర్‌గా ఉన్నాను. తమ్ముడి గురించి ఎప్పుడడిగినా ‘బాగానే ఉన్నాడు’ అంటుంది. అంతకుమించి మాట్లాడదు.

జవాబు: అడగడం మానేయండి. ఇంటికొచ్చే ప్రతివారూ ఆ అమ్మాయిని మొదట అడిగేది అదే. ఇక నాలుగు కలయికల వరకు తమ్ముడి ఊసు మీ నోటి నుంచి రాకూడదు. తన చదువు, తన ఆట, తన స్నేహితులు, అంతే. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. పక్కపక్కన నడవండి, కలిసి బొమ్మ వేయండి. ఇంకో సంగతి చూసుకోండి: మీరు కూర్చునే చోటు వాళ్లమ్మకు వినపడేంత దూరంలో ఉందా? ఉంటే ఏ పిల్లా నోరు విప్పదు. నలుగురికీ కనపడాలి, మాటలు మాత్రం వినపడకూడదు. అలాంటి చోటికి మారండి.

ప్రశ్న: ఒక బాబు, అన్నయ్య తనను కొడుతున్నాడని చెప్పి ఎవరికీ చెప్పొద్దన్నాడు. సరేనన్నాను. తప్పు చేశానా?

జవాబు: సరేననడం తప్పే, కానీ దిద్దుకోవచ్చు. ముందు ఆ బాబుకే చెప్పండి: ‘నీకు దెబ్బ తగులుతోంది కాబట్టి ఇది నా దగ్గరే ఉంచుకోలేను. ఎవరికి చెబుతున్నానో నీకు చెప్పే చేస్తాను.’ వెంటనే అతణ్ణి కలవడం కుదరకపోతే ఆగకండి, అదేరోజు మీ సమన్వయకర్తకు తెలపండి. బాబు అన్న మాటల్ని అతని మాటల్లోనే తేదీ, సమయం వేసి రాయండి. మీ ఊహలు కలపకండి. తల్లిదండ్రుల్ని మీరే వెళ్లి నిలదీయొద్దు.

అన్నయ్య కావాలని కొట్టకపోవచ్చు, అయినా దెబ్బ దెబ్బే. అన్నయ్యను పట్టి ఆపడం చిన్నవాడి పని కాదు. చిన్నవాడు వెళ్లి కూర్చోగల గది ఏది, ఏ పెద్దవాళ్లను పిలవాలి అన్నది ఇంట్లో ముందే తేల్చుకునేలా సమన్వయకర్త కుటుంబంతో మాట్లాడాలి. ఇకమీదట మొదటి రోజే ‘నీకు గానీ ఇంకొకరికి గానీ హాని ఉంటే తప్ప, నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది’ అని చెప్పండి.

ప్రశ్న: మా చెల్లికి డౌన్ సిండ్రోమ్. నేను మెంటర్‌గా పనికొస్తానా?

జవాబు: తప్పకుండా. సగం మాటకే మీకు అర్థమవుతుంది. చిక్కూ అక్కడే ఉంది, మిగతా సగం మీ కథతో నింపేస్తారు. ‘నాక్కూడా అంతే’ అన్నది ఒక్కో కలయికలో ఒక్కసారే, అదీ ఆ పిల్ల అడిగితేనే.