గాల్ బ్లాడర్ ఆపరేషన్ అని చెప్పేస్తే సరిపోతుందా?

ఈసారి ఉత్తరం కూకట్‌పల్లి నుంచి, పేరు వద్దన్నారు. వయసు 34, ప్రైవేట్ స్కూల్లో టీచర్, తొమ్మిదేళ్ళ పాప, సొంతూరు రాజమండ్రి వైపు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 118 కేజీలు, షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు గురక. వాకింగ్, జిమ్, కీటో అన్నీ అయ్యాయి, ప్రతిసారీ పది తగ్గడం పన్నెండు పెరగడం. డాక్టర్ బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకోమన్నారు, వచ్చే నెల డేట్ కూడా ఇచ్చారు. అత్తగారేమో "నోరు కట్టుకుంటే పోయేదానికి లక్షలు పోసి కడుపు కోయించుకుంటావా" అంటున్నారు, భర్త సరే అన్నారు గానీ ఆ రోజు నుంచి ముభావంగా ఉంటున్నారట. బంధువులకి తెలిస్తే నవ్వుతారు, అందుకే అత్తగారితో సహా అందరికీ ఆపరేషన్ వద్దనుకున్నాననీ ఇది గాల్ బ్లాడర్ ఆపరేషన్ అనీ చెప్పేద్దామనుకుంటున్నా, తప్పా? ఇది మొదటి ప్రశ్న. రెండోది ఆవిడ మాటల్లోనే, "శనివారం రాత్రి పాప పడుకున్నాక మేమిద్దరం బిర్యానీ తెప్పించుకుని కబుర్లు చెప్పుకుంటూ తినడం ఒక్కటే మాకున్న సరదా మేడమ్, అదీ పోతే మా మధ్య ఇంకేం మిగుల్తుంది?"

అమ్మా, ముందు అత్తగారి మాట సంగతి తేల్చేద్దాం ఎందుకంటే అది మీక్కూడా లోపలెక్కడో నిజమే అనిపిస్తోందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువెంత ఉందో చెప్పే లెక్క, 47 దాటింది. ఆ బరువులో నోరు కట్టుకుని తగ్గి, తగ్గిన బరువుని ఏళ్ళ తరబడి నిలుపుకున్నవాళ్ళు చాలా చాలా తక్కువ, ఎందుకంటే బరువు తగ్గగానే ఒళ్ళు ఆకలి పెంచేస్తుంది, శక్తి ఖర్చు తగ్గించేస్తుంది, మళ్ళీ పాత బరువుకి లాక్కెళ్ళేదాకా ఊరుకోదు. పది తగ్గి పన్నెండు పెరగడం మీ నోటి తప్పు కాదు. స్లీవ్‌లో పొట్ట సంచి ముప్పావు వంతు పైనే తీసేసి అరటిపండంత గొట్టం మిగులుస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి ఆకలి నిజంగానే తగ్గుతుంది. కాబట్టి ఇది కష్టపడకుండా తగ్గే అడ్డదారి అనే మాట మనసులోంచి తీసేయండి, దీని తర్వాత పడాల్సిన కష్టం చూస్తే ఆ మాట అన్నవాళ్ళే నాలిక కరుచుకుంటారు.

ఇప్పుడు అబద్ధం సంగతి. బంధువులకి, కాలనీ వాళ్ళకి, స్టాఫ్ రూమ్‌లో వాళ్ళకి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం, మీ కడుపు లోపల ఏం జరిగిందో అందరికీ చెప్పాలని రూలేం లేదు, "పొట్టకి చిన్న ఆపరేషన్ అయింది, డాక్టర్ కొన్నాళ్ళు కొంచెం కొంచెంగా తినమన్నారు" అంటే అది అబద్ధం కూడా కాదు. కానీ ఒకే ఇంట్లో ఉంటూ మీకు వండిపెట్టే మనిషికి గాల్ బ్లాడర్ అని చెప్పడం మాత్రం వద్దు. గాల్ బ్లాడర్ తీసేసినవాళ్ళు కొద్ది రోజులకే మామూలుగా తినేస్తారు, ఆ సంగతి మీ అత్తగారికి తెలియకపోయినా పక్కింటావిడకి తెలుస్తుంది, పదో రోజు "ఇంకా నీళ్ళ మజ్జిగేంటి, నీరసం రాదూ" అని పప్పన్నం కలిపి ముద్దలు పెట్టడానికి వస్తారు. అది ప్రేమే, కానీ కుట్లు మానని పొట్టకి ఆ ముద్ద ప్రమాదం. ఇంకోటి, ఎప్పుడైనా మీకు ఒంట్లో బాగోక ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అక్కడ డాక్టర్ అడిగినప్పుడు పక్కనున్నవాళ్ళు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది అని చెప్తే వైద్యం ఎటు పోతుందో ఆలోచించండి. పైగా వేగంగా బరువు తగ్గేవాళ్ళలో కొందరికి గాల్ బ్లాడర్‌లో రాళ్ళు నిజంగానే వస్తాయి, రాకుండా కొన్ని నెలలు మందు కూడా ఇస్తారు, ఖర్మకాలి అవి వచ్చి నిజంగా ఆపరేషన్ చేయాల్సొస్తే అప్పుడేం చెప్తారండీ, రెండో గాల్ బ్లాడర్ అనా?

అత్తగారితో మీరు వాదించొద్దు, మీ ఆయనతో కూడా వాదింపించొద్దు. డైటీషియన్ దగ్గరికి వెళ్ళే రోజున ఆవిడని వెంటబెట్టుకెళ్ళండి, అంతే. కోడలు చెప్తే ఎదురు చెప్పినట్టు ఉంటుంది, అదే మాట తెల్లకోటు వేసుకున్నవాళ్ళు చెప్తే వింటారు, మన ఇళ్ళల్లో ఇదో సంగతి. ఆవిడ కోపం వెనక భయం కూడా ఉందని నాకనిపిస్తోంది, ఇన్నేళ్ళు ఆ ఇంట్లో వండి వడ్డించడమే ఆవిడ పెద్దరికం, మీరు తినడం మానేస్తే ఆవిడకి పనిలేనట్టవుతుంది. అందుకని పని ఇవ్వండి. మొదటి వారాల్లో పప్పు కట్టు, పలచని మజ్జిగ, వడగట్టిన చికెన్ సూప్, తర్వాత మెత్తగా మిక్సీ పట్టిన పప్పు, ఆ తర్వాత గిలక్కొట్టిన గుడ్డు, పనీర్ తురుము, మెత్తని చేప, ఇవన్నీ ఆవిడ చేతికే అప్పజెప్పండి. ఏ వారం ఏది అన్నది మీ ఆస్పత్రివాళ్ళ షీట్ ప్రకారమే, మామూలు తిండికి రావడానికి సుమారు నెలన్నర రెండు నెలలు పడుతుంది, ఆ షీట్ ఫ్రిజ్ మీద అంటించండి.

తిండి ఎలా ఉంటుందో కూడా చెప్తాను, ఎందుకంటే అంతా తెలుసు అనుకుని వెళ్ళినవాళ్ళు కూడా మూడో వారంలో ఏడుస్తూ ఫోన్ చేస్తారు. సగం ఇడ్లీ, టీ సాసర్‌లో, కాఫీ స్పూన్‌తో, ఇరవై నిమిషాలు. రెండో స్పూన్ కొంచెం తొందరగా మింగితే గుండె దగ్గర రాయి అడ్డం పడ్డట్టు నొప్పి, నోట్లో నీళ్ళూరడం, వాష్‌బేసిన్ దగ్గరికి పరుగు. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక కూడా అరగంట ఆగాలి, మిగతా రోజంతా గుక్క గుక్కగా లీటరున్నర పైనే తాగుతూ ఉండాలి, క్లాసులో పాఠం చెప్తూ ఇది చేయడం కష్టమే కాబట్టి టేబుల్ మీద బాటిల్ ఉండాల్సిందే. రోజుకి 60 గ్రాములకి తగ్గకుండా ప్రొటీన్ వెళ్ళాలంటారు, ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, అందుకే మొదట్లో పౌడర్ కూడా ఇస్తారు, ఇక తిండిలోకి వచ్చాక ముందు పప్పు, గుడ్డు, చేప, పెరుగు, చివర్లో చోటుంటే అన్నం. మనకి అన్నం చివరికి నెట్టడం అంటే ప్రాణం పోయినంత పని, తెలుసు. విటమిన్ బిళ్ళలు, బీ12, ఐరన్, కాల్షియం జన్మంతా. ఈ ఒక్క విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు, ఏడాది బాగానే ఉండి మానేస్తారు, తర్వాత కాళ్ళు తిమ్మిర్లు, నీరసం, రక్తం తక్కువ. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో జ్వరం, గుండె దడ, కడుపులోనో ఎడమ భుజంలోనో గట్టి నొప్పి, పిక్క వాపు, ఆయాసం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఆగని వాంతులైతే ఎప్పుడైనా సరే ఒకటి రెండు రోజులు చూద్దాంలే అనకూడదు, విటమిన్ బీ1 తగ్గి నరాల మీదకి వస్తుంది. శ్రావణ శుక్రవారాలు, కార్తీక సోమవారాలు పస్తులుండే అలవాటుంటే ఈ ఏడాదికి అమ్మవారికి, శివయ్యకి ఒక దండం పెట్టి ఊరుకోండి.

ఆపరేషన్ ముందు రెండు వారాలు ఒక డైట్ ఇస్తారు, లివర్‌కి పట్టిన కొవ్వు తగ్గి అది కాస్త చిన్నదయితే సర్జన్‌కి చోటు దొరుకుతుంది. దానికి ముందు చాలామంది ఇంక జన్మలో తినలేమేమో అన్నట్టు హలీమ్, పుల్లారెడ్డి స్వీట్లు, బజ్జీలు వరసపెట్టి తినేస్తుంటారు. మీకూ అనిపిస్తుంది. ఆపరేషన్ దాకా ఉన్న ఈ మూడు నాలుగు వారాలు అసలు ఎప్పుడు తినాలనిపిస్తోంది, అప్పుడు కడుపు అడుగుతోందా, ఎవరి మాటకైనా మనసు చివుక్కుమందా అని ఒక చిన్న పుస్తకంలో రాయండి, రెండు ముక్కలు చాలు. స్కూల్ నుంచి వచ్చాక అయిదున్నరకి మిక్చర్ డబ్బా దగ్గరికి వెళ్తానని మీరే రాశారు కదా, ఆ టైమ్ ఆపరేషన్ తర్వాత కూడా రోజూ వస్తుంది, మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ ఎంత చిన్న పొట్టలోంచైనా జారిపోతాయి, రెండు మూడేళ్ళకి బరువు మళ్ళీ పెరిగేవాళ్ళలో చాలామంది కథ ఇదే. తిండి కుదరక ఆన్‌లైన్ షాపింగ్‌లోనో మందులోనో పడేవాళ్ళూ ఉన్నారు. ఆస్పత్రిలో సైకాలజిస్ట్ దగ్గరికి పంపితే "నాకేమీ లేదండీ" అని సంతకం పెట్టించుకుని రాకుండా ఆ పుస్తకం తీసుకెళ్ళి చూపించండి.

ఇక మీ రెండో ప్రశ్న, నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే. మీ ఆయన ముభావానికి మీరు రకరకాల అర్థాలు తీశారు, ఖర్చని, వాళ్ళమ్మ మాట అని. నేననుకునేది వేరు. ఆయనకీ ఆ శనివారం రాత్రి ఉంది. ఆ ప్యాకెట్ విప్పి లెగ్ పీస్ మీకు వేసి, స్కూల్లో జరిగింది మీరు చెప్తుంటే వింటూ కూర్చోవడం, ఆయనకి మీతో దగ్గరగా ఉండడం అంటే అదే. అది పోతుందని ఆయనకి అర్థమైంది, పైగా సన్నబడ్డాక ఈవిడ నాకు దక్కుతుందా అనే భయం కూడా చాలామంది మగాళ్ళకి ఉంటుంది, బయటికి చెప్పరు. స్వీడన్‌లో బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన స్టడీ ఒకటుంది, 2018లో వచ్చింది, అందులో చేయించుకోనివాళ్ళతో పోలిస్తే వీళ్ళలో విడిపోవడాలు ఎక్కువ, ఒంటరిగా ఉన్నవాళ్ళకి కొత్తగా తోడు దొరకడమూ ఎక్కువే అని తేలింది. భయపెట్టడానికి చెప్పట్లేదు, చాలా జంటలు కలిసే ఉన్నాయి, కానీ ఇంటి లెక్కలు మారతాయి అన్నది మాత్రం నిజం.

కాబట్టి ఈ శనివారమే, ఆపరేషన్ ముందే, బిర్యానీ ముందు కూర్చున్నప్పుడే అడిగేయండి, "ఇది లేకపోతే మనం శనివారాలు ఏం చేద్దాం" అని. సమాధానం వెంటనే రాదు, రాకపోయినా ఫర్లేదు. డాబా మీద నడకో, పాత సినిమానో, క్యారమ్ బోర్డో, ఏదైనా సరే మీ ఇద్దరిదీ అయి ఉండాలి, పాప పడుకున్నాకే ఉండాలి. ఆయన్ని బిర్యానీ మానేయమని మాత్రం అడక్కండి, మొదటి రెండు నెలలు మీ ముందు తినొద్దని అడగండి, ఆ వాసన అప్పుడు తట్టుకోలేరు. తర్వాత మీరూ రెండు ముక్కలు చికెన్ తీసుకుని పక్కన కూర్చోవచ్చు. ఆయన అన్నీ పట్టించుకోవాలి కానీ కాంటా మీదకి ఎక్కిన ప్రతిసారీ వెనకాల నిలబడి నంబర్ చూడకూడదు, ఇది ముందే చెప్పుకోండి.

నంబర్ అంటే గుర్తొచ్చింది, పెళ్ళినాటి 55 కేజీలకి వస్తానా అని రాశారు. ఎక్కువగా ఉన్న బరువులో సగం, సగానికి కొంచెం పైన తగ్గడం మామూలుగా జరిగేది, మీ లెక్కలో 85, 90 దగ్గర. షుగర్ బాగా దిగడానికి, మోకాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి, గురక తగ్గడానికి అది చాలాసార్లు సరిపోతుంది. షుగర్ మందులు మొదటి రోజుల్లోనే తగ్గించాల్సి రావచ్చు, సొంతంగా కాదు, డాక్టర్‌ని అడిగి. మొదటి నెల జోరు తర్వాత కాంటా కొన్ని వారాలు కదలకుండా కూర్చుంటుంది, కంగారు పడొద్దు. మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది, దువ్వెన చూస్తే ఏడుపొస్తుంది, తిండి సరిగ్గా వెళ్తే మళ్ళీ వస్తుంది. చర్మం వేలాడుతుంది, అది మాత్రం పూర్తిగా వెనక్కి వెళ్ళకపోవచ్చు. ఇన్నాళ్ళూ లావయ్యావన్నవాళ్ళే "ఏంటమ్మా ఇలా పీక్కుపోయావు, ఏదైనా జబ్బా" అంటారు, వాళ్ళని ఏ బరువులోనూ మెప్పించలేరు. నా దగ్గరికి వచ్చే ఒకావిడ భీమవరంలో పెళ్ళికెళ్తే విస్తట్లో పప్పు, పెరుగు తప్ప ఏదీ ముట్టలేదని పిన్నిగారు "వంట బాగోలేదా" అని మొహం చిన్నబుచ్చుకున్నారట, ఆవిడ "పప్పు చాలా బాగుంది పిన్నీ, ఇంకో చెంచా వెయ్యండి" అన్నారు, అంతటితో అయిపోయింది.

రెండో బిడ్డ గురించి అత్తగారు అడుగుతున్నారన్నారు. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దనే చెప్తారు, కానీ బరువు తగ్గేకొద్దీ నెలసరి సరిగ్గా వచ్చి గర్భం తొందరగా నిలుస్తుంది కూడా, అందుకే జాగ్రత్తల గురించి గైనకాలజిస్ట్‌తో ఇప్పుడే మాట్లాడండి. పాప ముందు అద్దంలో చూసుకుంటూ మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపేయండి, తొమ్మిదేళ్ళ పిల్ల అన్నీ వింటుంది. "అమ్మకి షుగర్ తగ్గడానికి, మోకాళ్ళ నొప్పులు పోవడానికి డాక్టర్ పొట్ట చిన్నది చేస్తున్నారు" అంటే దానికి చాలు.

ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీయండి, ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ పెట్టించిన షరతులో బీఎంఐ 40 దాటినవాళ్ళకి డాక్టర్ సలహా మీద చేసే ఈ ఆపరేషన్‌కి క్లెయిమ్ దారి ఉంది, మీరు అందులోకి వస్తారు, పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ అయిందో లేదో కనుక్కోండి. లక్షలు పోస్తున్నావన్న మాటకి అదే మంచి జవాబు కావచ్చు.

చివర్లో ఆవకాయ ఎప్పుడు తినొచ్చు అని అడిగారు చూశారా, అది చదివి నవ్వొచ్చింది. మెత్తని అన్నం ఇబ్బంది లేకుండా దిగుతోందని, డాక్టర్ కూడా సరే అన్నారని తేలాక, అంటే సుమారు మూడో నెలలో, రెండు స్పూన్ల ముద్దపప్పులో కొంచెం పిండి మాత్రం కలుపుకోండి, ముక్క జోలికి ఇంకొన్నాళ్ళు వెళ్ళకండి, టెంక మీద పీచు ఆ చిన్న పొట్టలో ఇరుక్కుంటుంది.