గ్వాదలహారా బ్యాచ్‌కి క్లాసు మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మెక్సికోలోని గ్వాదలహారా నెట్‌వర్క్ టీమ్‌కి ఇంగ్లీషు చెప్పే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అలాంటి బ్యాచ్‌లకి చాలా ఏళ్లు చెప్పినవాణ్ణి, నువ్వు అడక్కపోయినా రాయకుండా ఉండలేను.

గ్రామర్ పుస్తకంతో మొదలుపెట్టకు. నెట్‌వర్కింగ్ వాళ్లకి నీకంటే బాగా వచ్చు. ఇబ్బందల్లా టికెట్‌లో, అంటే సమస్య నమోదు చేసే చీటీలో, రెండు వాక్యాలు రాయడంలో, కాల్‌లో ఒక అడ్రస్ తప్పు లేకుండా చెప్పడంలో. పాఠం అక్కణ్ణుంచే ఎత్తుకో.

ముందు మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు కోడ్, చెప్పించు. అందులో అంకెలతోపాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలుంటాయి కదా. స్పానిష్‌లో మొదటి అక్షరం పేరు ‘ఆ’, ఐదో అక్షరం పేరు ‘ఎ’, తొమ్మిదో దాని పేరు ‘ఈ’. నువ్వు ‘ఈ’ అంటే అవతలివాళ్లు ‘ఐ’ అనుకుంటారు. మ్యాక్‌లో ఐ ఉండదు కాబట్టి ఆగి అడుగుతారు, గొడవ లేదు. నువ్వు ‘ఏ’ అన్నప్పుడు ఐదో అక్షరం రాసుకున్నారనుకో, అది చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఏకి ఆల్ఫా, బికి బ్రావో, ఇకి ఎకో అంటూ చెప్పడం మొదటి రోజే అలవాటు చెయ్యి. హోస్ట్ పేర్లలో, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్లకి పెట్టే పేర్లలో, బి, వి తేడా కూడా దీంతోనే తీరిపోతుంది, వాళ్ల నోట ఆ రెండూ ఒకేలా పలుకుతాయి.

తర్వాతది పదాల వరస. ‘డిఫాల్ట్ గేట్‌వే ఐపీ అడ్రస్’ని వాళ్లు ‘దిరెక్సియోన్ ఐపీ దె లా ప్వెర్తా దె ఎన్‌లాసె ప్రెదెతెర్మినాదా’ అంటారు. అడ్రస్ ముందొస్తుంది, డిఫాల్ట్ చివరికి పోతుంది. తెలుగులో వరస ఇంగ్లీషులాగే ఉంటుంది కనుక ఇందులో కష్టం ఉందని మనకి తట్టదు. ఇంగ్లీషులో అసలు మాట చివర ఉంటుందని, వెనకనుంచి చదవమని చెప్పు. వాళ్ల సొంత కాన్ఫిగరేషన్‌లోంచే, అంటే పరికరాల సెట్టింగుల్లోంచే, ఉదాహరణలు తియ్యి.

కర్త ఎగరగొట్టడం మాత్రం వాళ్లకీ మనకీ ఉన్న జబ్బే. టికెట్‌లో ఉత్త ‘ఈజ్ డౌన్’ అని ఉంటే స్విచ్చో లింకో ఎవరికి తెలుసు? ‘ఆఫ్టర్ రీస్టార్టింగ్’ అనాల్సిన చోట ‘ఆఫ్టర్ టు రీస్టార్ట్’ లాంటివి రాస్తే అక్కడికక్కడ దిద్దు, ఉపన్యాసం వద్దు.

‘ఈవెంచువలీ’ దగ్గర జాగ్రత్త. స్పానిష్‌లో ‘ఎవెంత్వాల్‌మెంతె’ అంటే ఒక్కోసారి, బహుశా అని. ‘ఈవెంచువలీ ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలు) పోతాయి’ అని వాళ్లంటే, చివరికి పోవడం ఖాయమని క్లయింట్ టెన్షన్ పడతాడు. ‘ఆక్చువలీ’ కూడా అంతే, వాళ్ల మనసులో ఉన్నది ‘ప్రస్తుతం’.

‘మస్ట్’, ‘షుడ్’ తేడాకి 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2119 చదివించు, ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఈ మాటలకి అర్థాలు చెప్పే చిన్న పత్రం అది, నాలుగైదు నిమిషాల పని. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే, సరైన కారణం ఉండి, దాని ఫలితం ఆలోచించుకుంటే మానుకోవచ్చు. స్పానిష్‌లో ఈ రెండూ ‘దెబెర్’ అనే ఒక్క క్రియలోంచే వస్తాయి, దెబె, దెబెరియా అని. అక్కణ్ణుంచి అందిస్తే ఇట్టే పట్టుకుంటారు. నా మాట అడిగితే, ఏ గ్రామర్ పుస్తకంలోనూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

ఇక నీ ఇంగ్లీషు సంగతి. ‘ప్లీజ్ రివర్ట్’ అని మెయిల్ రాయకు. మనకది జవాబివ్వమని. నెట్‌వర్క్ ఇంజినీరుకి పాత కాన్ఫిగరేషన్‌కి తిప్పేయమని. ‘రిప్లై’ అని రాయి. మీ టీమ్ లీడ్‌కీ ఆ మాట చెవిన వెయ్యి.

ఉంటాను,
మామయ్య