టెక్ సందేహాలు: ఫోన్ నెంబర్ల పంచాయితీకి పెద్దమనుషులు ఎవరు?

ఈ వారం ఒక ఉత్తరం పెద్దది, రెండు చిన్నవి. పెద్దదానికే చోటు ఎక్కువ పోయింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాను. కాలనీలో పదిమందిమి కలిసి చిన్న వినియోగదారుల సంఘం నడుపుతున్నాం. ఈమధ్య మా దగ్గరికి వచ్చేవన్నీ నెంబర్ల గొడవలే. కొత్త సిమ్ తీసుకుంటే పాత యజమానికి అప్పిచ్చినవాళ్లు ఫోన్ చేస్తున్నారు. ల్యాండ్‌లైన్ నెంబర్లు మారతాయని ఒకరు, మొబైల్‌కు పదకొండు అంకెలు వస్తాయని ఇంకొకరు అంటున్నారు. అసలు ఈ నెంబర్లను పంచేది ఎవరు? జిల్లాలో నెంబర్ల మీద ఒక సలహా కమిటీ పెట్టుకుంటే ఎవరైనా వింటారా? వెనకటి టీఏసీల లాగే అవుతుందేమోనని నా అనుమానం.
– ఒక పాఠకుడు, నక్కలగుట్ట, హన్మకొండ

జవాబు: మీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. టీఏసీ అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నా, అది టెలిఫోన్ సలహా కమిటీ. ఎంపీలు పేర్లు పంపేవారు, శాఖ ఉత్తర్వు ఇచ్చేది, సభ్యుడి ఇంటికి ఉచిత ఫోన్ వచ్చేది. కనెక్షన్ కోసం ఏళ్లకేళ్లు కాచుకున్న కాలంలో ఆ సభ్యత్వానికి ఎంత గిరాకీ ఉండేదో ఎక్స్ఛేంజీలో పనిచేసిన మీకు నేను చెప్పాలా! కేబుల్ తెగింది, బిల్లు ఎక్కువ వచ్చింది అన్నవే ఆ మీటింగుల్లో మాటలు. నెంబర్ల పంపకం గురించి అడగాల్సిన అవసరమే రాలేదు. అప్పుడు పంచేదీ శాఖే, వాడేదీ శాఖే.

పోటీ కంపెనీలు వచ్చాకే ఇది పంచాయితీ అయింది. నెంబరు కంపెనీ సొత్తు కాదు, మీదీ నాదీ కూడా కాదు. అది ప్రభుత్వ వనరు, కేంద్ర టెలికాం శాఖ చేతిలో ఉంటుంది. ఇప్పటికీ నడుస్తున్నది 2003 నాటి జాతీయ నంబరింగ్ ప్రణాళిక. మన ఆరంకెల ల్యాండ్‌లైన్ నెంబర్లకు ముందు 2 వచ్చి చేరింది ఆ రోజుల్లోనే, మీకు గుర్తుండే ఉంటుంది. మొబైల్ విషయానికొస్తే, మొదటి నాలుగంకెలు ఖాయం చేసి ఇచ్చారంటే మిగిలిన ఆరంకెలతో పది లక్షల నెంబర్లు ఒక్కసారే కంపెనీ చేతికి వెళ్లినట్టు. ఆ కేటాయింపు సర్కిల్ వారీగా, అంటే టెలికాం లైసెన్సుల కోసం దేశాన్ని విడగొట్టిన ప్రాంతాల వారీగా జరుగుతుంది. ఇక్కడో తమాషా ఉంది. రాష్ట్రం వచ్చాక మన బండ్ల నెంబర్లు ఏపీ 36 నుంచి టీఎస్‌కు, 2024లో టీజీకి మారాయి. టెలికాం లైసెన్సు లెక్కలో మాత్రం వరంగల్ ఇప్పటికీ 'ఆంధ్రప్రదేశ్' సర్కిలే. అందుకని మీ కమిటీ జిల్లాలో నెంబర్లను పర్యవేక్షిస్తుందంటే కుదరదు. పర్యవేక్షించడానికి జిల్లా చేతిలో నెంబర్లే లేవు.

మరి కమిటీ దండగా? కాదు. ఎందుకో చెప్పాలంటే నెంబర్లకు కరువు ఎలా వస్తుందో ముందు చూడాలి. జనం ఎక్కువై మాత్రమే రాదు, పంచే పద్ధతి వల్ల కూడా వస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో కిలో మిర్చి కావాలన్నవాడికి కూడా బస్తానే ఇస్తామంటే ఏమవుతుంది? యార్డు ఖాళీ, ఇళ్లలో బస్తాలు మూలుగుతుంటాయి. అమెరికాలో 1990లలో అచ్చం ఇదే జరిగింది. ఒక చిన్న ఊరి పరిధిలో వంద మంది ఖాతాదారులు ఉన్న కొత్త కంపెనీకి కూడా పదివేల నెంబర్ల బ్లాకు ఇవ్వాల్సి వచ్చేది. ఏరియా కోడ్లు, అంటే మన ఎస్టీడీ కోడ్ల లాంటివి, గబగబా అయిపోయాయి. అప్పుడు బస్తా విప్పి పదోవంతు చొప్పున, అంటే వెయ్యేసి నెంబర్లుగా, ఇవ్వడం మొదలుపెట్టారు. 1998లో ఇల్లినాయిలోని 847 ఏరియా కోడ్‌లో దాన్ని ముందుగా పరీక్షించి చూశారు.

మీ ప్రశ్నకు అసలు పనికొచ్చేది ఆ దేశంలో పెట్టుకున్న సలహా సంఘం కథ. అక్కడ 1947లో నెంబర్ల పథకం వేసింది ఏటీ అండ్ టీ, నడిపిందీ ఆ కంపెనీయే. 1984లో ఆ కంపెనీని ముక్కలు చేసినప్పుడు పెత్తనం బెల్‌కోర్‌కు పోయింది. అది పాత ప్రాంతీయ ఫోన్ కంపెనీల ఉమ్మడి సంస్థ. కొత్తగా వ్యాపారంలోకి దిగినవాడు నెంబర్ల కోసం తన పోటీదారుల ఇంటి గుమ్మం ముందే నిలబడాలన్నమాట. గొడవ ముదిరాక అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1995లో నార్త్ అమెరికన్ నంబరింగ్ కౌన్సిల్ అనే సలహా సంఘాన్ని ఏర్పాటు చేసింది. పెద్ద కంపెనీలు, చిన్న కంపెనీలు, రాష్ట్రాల నియంత్రణ సంస్థలు, వినియోగదారుల తరఫువాళ్లు అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. సమావేశం తేదీ ముందే ప్రకటించాలి, ఎవరైనా వచ్చి వినవచ్చు. సంఘం చెప్పేది సలహా మాత్రమే, తుది మాట ఎఫ్‌సీసీదే.

సలహాయే కదా అని తీసిపారేయకండి. ఫోన్ వ్యాపారంతో సంబంధం లేని సంస్థకే నెంబర్ల నిర్వహణ అప్పగించాలని ఆ సంఘం ఒక పేరు సిఫారసు చేసింది, 1997లో ఎఫ్‌సీసీ ఒప్పుకుంది. ఆ పని లాక్‌హీడ్ మార్టిన్‌లోని ఒక విభాగానికి దక్కింది. విమానాలు, రాకెట్లు తయారుచేసే కంపెనీకి ఫోన్ నెంబర్ల పనేంటని మీరు నవ్వుకోవచ్చు. ఫోన్ కంపెనీ కాకపోవడమే అక్కడ అర్హత! రెండేళ్లు తిరక్కుండానే లాక్‌హీడ్ ఒక ఉపగ్రహ టెలికాం సంస్థను కొనబోయింది. ఇక తటస్థులు కారు కదా అన్నారు. ఆ విభాగాన్ని కంపెనీ నుంచి విడదీసి, 1999లో న్యూస్టార్ అనే వేరే సంస్థగా చేశారు. ఊళ్లో పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషి ఒక పక్షానికి వియ్యంకుడైతే లేచి పక్కకు జరగమంటాం చూశారా, అదే న్యాయం.

మన దగ్గర నెంబర్ల కోసం ఇలా విడిగా ఒక సంఘం లేదు. ఆ లోటు నాకు పెద్దదిగానే కనిపిస్తుంది. ఉన్నది ట్రాయ్, అంటే మన టెలికాం నియంత్రణ సంస్థ. అది సంప్రదింపుల పత్రం వేస్తుంది, అభిప్రాయాలు తీసుకుంటుంది, వాటిని తన వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడుతుంది, ఓపెన్ హౌస్ చర్చ నడిపి టెలికాం శాఖకు సిఫారసు చేస్తుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది శాఖ ఇష్టం.

మీరు విన్న పుకార్లన్నీ ఈ పత్రాల్లోంచి ముక్కలు ముక్కలుగా బయటపడ్డవే. 2020 సిఫారసులు రాగానే మొబైల్‌కు పదకొండు అంకెలని గోల లేచింది. అలా చెప్పలేదని ట్రాయే వివరణ ఇచ్చుకుంది. దానివల్ల నిజంగా అమలైంది ఒక్కటే, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టడం. సున్నా పడగానే ఇది లోకల్ కాల్ కాదని ఎక్స్ఛేంజీకి తెలుస్తుంది. దాంతో ల్యాండ్‌లైన్‌కు అడ్డొస్తాయని పక్కన పెట్టిన అంకెలను కూడా మొబైల్‌కు వాడుకోవచ్చు. ఒక్క సున్నాతో 250 కోట్లకు పైగా నెంబర్లకు దారి దొరికింది. మొబైల్‌కు అంకె పెంచి ఉంటే బ్యాంకు నుంచి గ్యాస్ ఏజెన్సీ దాకా ప్రతి కంప్యూటర్‌లో మార్పు చేయాల్సి వచ్చేది, తలచుకుంటేనే తలనొప్పి.

2024లో ఇంకో వదంతి, రెండు సిమ్‌లుంటే డబ్బు కట్టాలని. ట్రాయ్ దాన్నీ ఖండించింది. ఇక ల్యాండ్‌లైన్ సంగతి 2025 ఫిబ్రవరి 6న ఇచ్చిన సిఫారసుల్లో ఉంది. ఒక ల్యాండ్‌లైన్ నుంచి ఇంకో ల్యాండ్‌లైన్‌కు, పక్కింటికైనా సరే, సున్నా, కోడ్ కలిపే కొట్టాలని అందులో చెప్పారు. అది అమలైతే నక్కలగుట్ట నుంచి కాజీపేటకు చేసినా 0870 నొక్కాలి. మీ నెంబరు మాత్రం మారదు. కోడ్‌లో సున్నా తీసేస్తే 870, దానికి మన ఏడంకెలు కలిపితే పది ఎలాగూ ఉన్నాయి.

ఇప్పుడు మీ కమిటీ. నేనైతే కమిటీ అనే మాటే వాడను, దండలు, ఫొటోలు వెంట వస్తాయి. ఏడెనిమిది మంది చాలు. ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చునే మనిషి, మార్కెట్ యార్డు గుమాస్తా, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారు, బ్యాంకులో పనిచేసినవారు, కాలేజీ పిల్ల ఒకరు. నెంబరుతో రోజూ తిప్పలు పడేవాళ్లన్నమాట. సిమ్ డీలర్లను, కంపెనీవాళ్లను పిలిచి మాట్లాడించండి, సభ్యులుగా మాత్రం వద్దు. నోటుపుస్తకంలో ప్రతి ఫిర్యాదుకూ తేదీ, ఏ సిరీస్ నెంబరు, ఎన్నాళ్లుగా ఇబ్బంది అన్నది రాసి పెట్టండి. మనిషి పేరు, పూర్తి నెంబరు అందులో వద్దు.

ఆ పుస్తకం తీసుకుపోవడానికి రెండు గుమ్మాలున్నాయి. ఒకటి, ట్రాయ్ నంబరింగ్ మీద పత్రం వేసినప్పుడు రాతపూర్వకంగా అభిప్రాయం పంపడం. మామూలుగా నాలుగు వారాల గడువు ఇస్తారు. ఒకటిన్నర పేజీ చాలు, అందులో మీ ఊరి లెక్క ఉండాలి. రెండోది చాలామందికి తెలియదు. 2012 ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి టెలికాం కంపెనీ ప్రతి సర్కిల్‌లో అప్పీలు అధికారికి తోడుగా ఇద్దరు సభ్యుల సలహా సంఘం పెట్టాలి. ఒకరు కంపెనీ మనిషి, రెండోవారు ట్రాయ్ దగ్గర నమోదైన వినియోగదారుల సంఘం మనిషి. సగం బలం మనదే! అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. కాబట్టి మీ సంఘాన్ని ముందు ట్రాయ్ దగ్గర నమోదు చేయించండి. రిజిస్టర్డ్ సంస్థ అయి ఉండాలి, రాజకీయ పార్టీతో సంబంధం ఉండకూడదు, ఈ పనిలో కొన్నేళ్ల అనుభవం చూపాలి. హైదరాబాద్‌లో ట్రాయ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, ఒకసారి వెళ్లి కూర్చుని మాట్లాడి రండి.

పాత యజమాని అప్పుల ఫోన్లు నేనూ భరించాను. నా రెండో సిమ్‌కు ఎనిమిది నెలలు ఒక లారీ ఫైనాన్స్ కంపెనీ రోజూ చేసింది. నేను ఆ మనిషిని కాదంటే, "ఆయనకు మీరేమవుతారు?" అని అడిగేవారు. మీ నోటుపుస్తకంలో మొదటి పేజీ నాకు ఉంచండి.

ప్రశ్న: సార్, మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన రెండేండ్ల కింద దుబాయి పోయిండు. ఇక్కడి సిమ్‌కు రీచార్జ్ చేయలేదు. ఇప్పుడు ఆ నెంబరుకు చేస్తే ఎవరో వేరే ఆమె ఎత్తుతోంది. బ్యాంకు ఓటీపీలు ఆమెకు పోతాయా? నెంబరు మళ్లీ తెచ్చుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి

జవాబు: నెంబరు తిరిగి రాదమ్మా, దాని మీద ఆశ వదిలేయండి. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ తీసేయవచ్చు. అలా తీసేశాక ఇంకో 90 రోజులైనా ఆగి వేరేవాళ్లకు ఇస్తారు. ఆమె తప్పేమీ లేదు, దుకాణంలో కొనుక్కుంది.

ఓటీపీల భయం మాత్రం నిజమైనదే, ఈ రోజే పనిలో దిగండి. మొదట బ్యాంకు. నెంబరు మార్చాలంటే ఖాతాదారే అడగాలి కాబట్టి, ఎన్ఆర్ఐ ఖాతాకు విదేశీ నెంబరు ఇవ్వవచ్చా, అక్కడి నుంచే మార్చుకునే దారి ఏముందని ఆయనతోనే బ్యాంకుకు మెయిల్ పెట్టించండి. తర్వాత ఆధార్. అది ఆయన సెలవుకు వచ్చినప్పుడు కేంద్రంలో మార్చుకోవచ్చు. వాట్సాప్ ఇంకా పాత నెంబరుతోనే నడుస్తుంటే, సెట్టింగ్స్‌లో 'నెంబరు మార్చు' అన్నచోట వెంటనే దుబాయి నెంబరు పెట్టమనండి. కొత్తామె ఆ నెంబరుతో వాట్సాప్ తెరిస్తే ఆయన ఖాతా ఊడిపోతుంది. రద్దయిన నెంబర్ల జాబితా బ్యాంకులకు అందుతుంది, యూపీఐ కోసం 2025 ఏప్రిల్ నుంచి వారానికోసారైనా దాన్ని సరిచూసుకోవాలన్న నియమం కూడా ఉంది. అయినా దాన్ని నమ్ముకుని ఊరుకోకండి.

మీ వాడలో ఇంకెవరైనా గల్ఫ్ పోతుంటే చెప్పండి. ప్రీపెయిడ్ సిమ్ బ్యాలెన్స్ కనీసం 20 రూపాయలు ఉంటే, వాడకపోయినా ఆ డబ్బు కోసుకుని నెంబరును ఇంకో 30 రోజులు ఉంచాలి. 2013 నుంచి ఉన్న ట్రాయ్ నియమం ఇది.

ప్రశ్న: బాయి మోటార్ స్టార్టర్‌లో సిమ్ వేసి ఇంటి నుంచే ఫోన్ కొట్టి నడుపుతున్నా. పదమూడు అంకెల నెంబర్లు వస్తాయట, నా స్టార్టర్ పనికిరాకుండా పోతుందా?
– ఒక రైతు, పరకాల

జవాబు: పదమూడు అంకెలు మనుషుల ఫోన్లకు కాదు. మీటర్లు, బండ్ల ట్రాకర్లు లాంటివి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సిమ్‌లకు. 2018లోనే మొదలయ్యాయి, పాతవాటిని కూడా అందులోకి మార్చాలని 2025లో ట్రాయ్ సిఫారసు చేసింది. మీరు వేసింది దుకాణంలో కొన్న మామూలు పదంకెల సిమ్ అయితే ఇప్పుడు చేయాల్సిందేమీ లేదు. కొత్త స్టార్టర్ కొనేటప్పుడు మాత్రం ఏ సిమ్ వేయాలో కంపెనీవాడిని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఇంకోటి, స్టార్టర్‌కు డేటా ప్యాక్ అనవసరం. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ కంపెనీలకు చెప్పింది, ఏడాది గడువుదీ దొరుకుతుంది. నాట్ల వేళ రీచార్జ్ అయిపోయి అర్ధరాత్రి బాయి కాడికి ఉరకడం తప్పుతుంది.