ట్రాలీ కప్లరు కారుతోందని రాసిన మేనల్లుడికి

బాలానగర్, హైదరాబాద్

చిరంజీవి అయిన మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ట్రాక్టరు వెనక, ట్రాలీని లేపే నూనె హోసు తగిలించే చోట నూనె కారుతోందనీ, చేవెళ్ల నుంచి మెకానిక్కు రెండుసార్లు వచ్చి రెండుసార్లూ పానాతో బిగించి వెళ్లాడనీ, అయినా పొద్దున లేచి చూస్తే కింద నేల తడిసే ఉంటోందనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. హోసును ట్రాక్టరుకు కలిపే జత ముక్కలు, అంటే కప్లర్లు, రెండూ కొత్తవి కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే కొనకు. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి షెడ్డులో హోసులూ జాకీలూ విప్పి బిగించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ చోట నూనె కారడానికి నాలుగైదు కారణాలు ఉంటాయి, వాటిలో కొత్త కప్లరుతో తీరేవి ఒకటో రెండో. ఎక్కడ కారుతోందో నువ్వు వివరంగానే రాశావు గానీ, ఎప్పుడు కారుతోందో ఒక్క ముక్క కూడా రాయలేదు. హోసు తీసేసి ఉన్నప్పుడా, తగిలించి ఊరికే నిలబెట్టినప్పుడా, బరువుతో ట్రాలీ లేస్తున్నప్పుడా? ఈ మూడింటిలో ఏదో తేలితే సగం మరమ్మతు అయినట్టే.

చుక్కలే కదా అని ఊరుకునే పని మాత్రం కాదు. మిల్లీలీటరుకు సుమారు ఇరవై చుక్కలు అనుకుంటే, సెకనుకు ఒక చుక్క చొప్పున ఎనిమిది గంటల్లో లీటరున్నరకు కొంచెం తక్కువగా పోతుంది. పైగా మన దగ్గరి చాలా ట్రాక్టర్లలో గేరు పెట్టెకూ హైడ్రాలిక్కుకూ నూనె ఒక్కటే. అలాంటి బండిలో కప్లరు దగ్గర పోయే నూనె గేర్ల నుంచి పోయినట్టే లెక్క. ముందుగా డిప్‌స్టిక్కు చూసి, తగ్గి ఉంటే కంపెనీ చెప్పిన రకం నూనెనే పోసి, ఆ తరువాత మిగతా పని చూడు.

చెయ్యి పెట్టే ముందు ఒక మాట, దీన్ని దాటవేసి కింది సంగతులు చదవకు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్లకు కొంచెం పైన. ట్రాక్టరు హైడ్రాలిక్కులో అది సాధారణంగా 150 నుంచి 200 బార్ల మధ్య ఉంటుంది. సూది మొన అంత చిల్లు నుంచి ఆ ఒత్తిడితో వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గుర్తే ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, కానీ కొన్ని గంటల్లోనే శస్త్రచికిత్స చెయ్యవలసిన గాయం అది. అందువల్ల ఇంజను నడుస్తుండగా కారుతున్న చోటు వేలితో తడిమి చూడకూడదు, దూరం నుంచి అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. విప్పే పని ఉంటే ట్రాలీని పూర్తిగా కిందికి దించి, ఇంజను ఆపి, లీవరును రెండు వైపులా నాలుగైదుసార్లు ఆడించి, లోపలి ఒత్తిడి చచ్చిందని నమ్మకం కుదిరాకే పానా పట్టు. లేచి ఉన్న ట్రాలీ కింద దూరవలసి వస్తే గట్టి దుంగ ఆసరా లేకుండా దూరకు. నూనె మీద నిలబడ్డ బరువును నమ్మరాదు.

ఇప్పుడు కారే వేళ కనిపెట్టే పద్ధతి చెబుతాను. నూనె ఎప్పుడూ కిందికే పారుతుంది కాబట్టి, పైన చూడీల (బిగించే మరల) దగ్గర పుట్టిన చుక్క కప్లరు మూతి దగ్గర వేలాడి మనల్ని మోసం చేస్తుంది. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో ఆ భాగమంతా శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, హోసు తగిలించాక బయటి వైపున మాత్రం ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లు. (ముగ్గుపిండి చల్లిన పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. అది రాతి పొడి. కప్లరులోకి పోయిందంటే ఆకురాయి చేసే పనే చేస్తుంది.) తరువాత కాసేపు ఊరికే ఉంచి చూడు, ఆపైన ఖాళీ ట్రాలీ లేపి చూడు, చివరకు మట్టి నింపి లేపి చూడు. పౌడరు ముందుగా తడిసిన చోటు, అది తడిసిన వేళ, రెండూ కాగితం మీద రాసుకో.

హోసు తీసేసి ఉన్నప్పుడే ట్రాక్టరు వైపు ఉండే, గూడు లాంటి ఫిమేల్ ముక్క మూతి నుంచి చుక్కలు పడుతుంటే, లోపల స్ప్రింగు మీద కూర్చుని నూనె దారి మూసే పాపెట్ సరిగా మూసుకోవడం లేదని అర్థం. తొంభైపాళ్లు అక్కడ ఇసుక రేణువో, గడ్డి పీచో ఇరుక్కొని ఉంటుంది. హోసు చివర ఉండి ఆ గూట్లో దూరే మేల్ ముక్కను శుభ్రంగా తుడిచి తగిలించి, ట్రాలీని రెండుమూడుసార్లు లేపి దించితే ఆ ప్రవాహానికే రేణువు కదిలి పోవచ్చు. అలా పోకపోతే పాపెట్ సీలు అరిగిందన్నమాట. విప్పడానికి వీలున్న రకమైతే సీలు మార్చవచ్చు. నొక్కి మూసేసిన చవక రకమైతే ఆ ఒక్క ముక్కనూ మార్చక తప్పదు.

తగిలించి ఉన్నప్పుడు రెండు ముక్కల మధ్య నుంచి కారుతుంటే, నీ సంగతి ఇదేనని నా అనుమానం, దోషం చాలావరకు ఫిమేల్ ముక్క లోపలి గాడిలో ఉండే ఓ-రింగు అనే రబ్బరు వలయానిది. మెకానిక్కు బయట ఎంత బిగించినా ఆ రింగుకు ఏమీ కాదు, ఎందుకంటే అతను బిగించే చూడీలు వేరు, కారే చోటు వేరు. మన ఎండలకు, నూనె వేడికి రబ్బరు గట్టిపడి సాగే గుణం పోగొట్టుకుంటుంది, లేదా మట్టి అంటిన మేల్ ముక్కను తోసినప్పుడు కోసుకుపోతుంది. గోటితో నొక్కి చూస్తే మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి; పగుళ్లు కనిపించినా, గుండ్రని అంచు చదునైపోయినా దాని పని అయిపోయిందనుకో.

పాత రింగు తియ్యడానికి స్క్రూడ్రైవరు వాడకు. గాడిలో ఒక్క గీత పడిందంటే ఎన్ని కొత్త రింగులు వేసినా ఆ గీత వెంట నూనె వస్తూనే ఉంటుంది. వెదురు పుల్లను పలచగా చెక్కి దానితో లేపు. రింగు పక్కన తెల్లగానో, మరో రంగులోనో గట్టి బ్యాకప్ రింగు ఒకటి ఉండవచ్చు. అది ఏ పక్కన ఉందో విప్పేటప్పుడే గుర్తు పెట్టుకో: నూనె ఒత్తిడి వచ్చే లోపలి వైపు ఓ-రింగు, మూతి వైపు బ్యాకప్ రింగు ఉండాలి. చాలామంది దీన్ని చెత్త అనుకొని పారేస్తారు, అప్పుడు బరువు పడిన ప్రతిసారీ ఓ-రింగు సందులోకి ఒరుసుకొని నలుగుతుంది. ఖాళీ ట్రాలీకి కారకుండా మట్టి నింపితేనే కారే కప్లర్లలో ఈ లోపమే నేను ఎక్కువగా చూశాను. కొత్త రింగుకు అదే హైడ్రాలిక్ నూనె రాసి, చిక్కుడు గింజ ఆకారంలో వేళ్లతో మడిచి లోపలికి పంపి, గాడిలో వదిలి, మెలి పడలేదని పుల్లతో చుట్టూ సర్ది చూడు. సైకిలు ట్యూబు కోసి రింగు చేసేవాళ్ల మాట వినకు. ఆ రబ్బరు నూనెలో ఉబ్బి ముద్దవుతుంది. దుకాణంలో నూనెకు తట్టుకునే నైట్రైలు రబ్బరు రింగు అని అడుగు, కొలత నోటితో చెప్పకుండా ఫిమేల్ ముక్కనే చూపించు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక రైతుకు ఇదే లోపానికి రెండుసార్లు రింగు మార్చి, మూడోసారి ఫిమేల్ ముక్కనే కొత్తది వేసి పంపాను. వారం తిరక్కుండా అతను మళ్లీ వచ్చాడు. ట్రాలీ వైపు మేల్ ముక్కను అన్నాళ్లూ నేను చేతిలోకి తీసుకొని చూడనేలేదు. దాని ముక్కు మీద ఫిమేల్ ముక్కలోని ఉక్కు గుండ్లు కొట్టుకొని గుంటలు పడ్డాయి, ఒక పక్క గీతలు ఉన్నాయి. ఆ గీతలే ప్రతి కొత్త రింగునూ కోస్తున్నాయి. అతను ఏమీ అనలేదు గానీ, ఆ రోజు డబ్బు తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. కాబట్టి నువ్వు ముందుగా మేల్ ముక్క మీద గోరు పెట్టి చుట్టూ తిప్పి చూడు. గోరు ఎక్కడైనా తగులుకుంటే ఆ ముక్క మార్చాలి.

మార్చేటప్పుడు జత కుదరాలి. అరంగుళం కప్లర్లన్నీ ఒకటే అనుకుంటారు, కానీ ఐఎస్‌ఓ 7241 ప్రమాణంలోనే ఏ, బీ అని రెండు వరుసలు ఉన్నాయి, ఒకదాని మేల్ మరొకదాని ఫిమేల్‌లో కూర్చోదు. కూర్చున్నట్టే కనిపించి పాపెట్లు పూర్తిగా తెరుచుకోకపోతే ట్రాలీ లేస్తుంది గానీ దిగదు, లేదా నత్తలా దిగుతుంది.

చూడీల దగ్గరే తడిసినట్టు తేలితే సంగతి వేరు. బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీ చూడీ కోణం 55 డిగ్రీలు, అమెరికా పద్ధతి ఎన్‌పీటీది 60 డిగ్రీలు. అరంగుళంలో రెండింటికీ అంగుళానికి పద్నాలుగే చూడీలు కాబట్టి ఒకదానిలో మరొకటి ఎక్కినట్టే ఎక్కి, ఎంత బిగించినా కారుతుంది. సమాంతరమైన బీఎస్‌పీ చూడీకి నూనె ఆపేది చూడీ కాదు, మొదట్లో ఉండే డౌటీ వాషరు. ఉక్కు చక్రానికి లోపల రబ్బరు పెదవి అతికించిన వాషరు అది. దాన్ని మార్చు. తెల్ల టేపు చుట్టి పని కానివ్వకు. దాని పోగులు తెగి లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటాయి.

మరొకటి. ట్రాలీని మధ్యాహ్నం ఎండలో విప్పి ఉంచితే నల్లటి హోసులో నూనె వేడెక్కి వ్యాకోచిస్తుంది, బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, సాయంత్రం తగిలించబోతే మేల్ పాపెట్ ఇనుప దిమ్మెలా కదలదు. అప్పుడు దాన్ని రాయికేసి కొట్టేవాళ్లను చూశాను, పాపెట్ ముక్కు వంకరపోయేది అక్కడే. తడిపిన గోనెసంచి కప్పి చల్లారనిచ్చి మళ్లీ తగిలించు. అప్పటికీ కదలకపోతే, ట్రాలీ పూర్తిగా దిగి ఉన్నప్పుడు, హోసు అవతలి చివర చూడీని గుడ్డ చుట్టి కొద్దికొద్దిగా వదులు చెయ్యి, ముఖం పక్కకు పెట్టుకో. ఇకముందు హోసు విప్పే ముందే లీవరు ఆడించి ఒత్తిడి తీసెయ్యి.

మూతల సంగతి నీకు తెలిసిందే. మీ దమ్ము మడిలో, ఎర్ర దుమ్ములో రెండు ముక్కలకూ రబ్బరు మూత లేకపోతే నేను చెప్పినదంతా మళ్లీ మొదటికి వస్తుంది. తగిలించే ముందు రెండు మూతుల్నీ నీ ధోవతి కొంగుతో కాకుండా, పోగులు ఊడని గుడ్డతో తుడువు.

రాణిగంజులో రింగులు, డౌటీ వాషర్లు, కప్లర్లు అన్నీ దొరికే దుకాణాలు నాకు తెలుసు, నువ్వు వస్తే వెంట వస్తాను. పౌడరు తడిసిన చోటు రాసుకున్న కాగితమూ, కిరసనాయిలుతో కడిగి గుడ్డలో చుట్టిన రెండు కప్లర్లూ తీసుకురా. ట్రాలీ తీసుకురావద్దు, ఆ రోడ్డులో నిలిపే చోటు ఉండదు.

ఇట్లు,
నీ మామయ్య