క్రియేట్ రియాక్ట్ యాప్ పాతబడింది, ఇప్పుడు దేనికి మారాలి? – సమాధానం

క్రియేట్ రియాక్ట్ యాప్‌తో (రియాక్ట్ ప్రాజెక్టును మొదలుపెట్టి, బిల్డ్ చేసే టూల్) కట్టిన డాష్‌బోర్డు పాతబడిందంటున్నారు, వారానికో కొత్త టూల్ వస్తోంది, దేని వెంట పడాలి అని అడిగారు కదా. అన్నిటి వెంటా పడక్కర్లేదండీ. ఈ ఒక్కటి మాత్రం మార్చుకోండి. కొత్త యాప్‌లకు దాన్ని వాడొద్దని రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరిలో చెప్పేసింది.

మీది లాగిన్ వెనకుండే డాష్‌బోర్డు కాబట్టి వీట్ (Vite) అనే బిల్డ్ టూల్ చాలు, పేజీలను సర్వర్‌లోనే తయారుచేయగల నెక్స్ట్ (Next.js) ఫ్రేమ్‌వర్క్ జోలికి పోకండి. పబ్లిక్ ఫోల్డర్‌లోని ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ ఫైలును ప్రాజెక్టు రూట్‌లోకి తెచ్చి, మెయిన్ ఫైలుకి స్క్రిప్ట్ ట్యాగ్ మీరే రాయాలి. జేఎస్‌ఎక్స్ కోడ్ (జావాస్క్రిప్ట్‌లో రాసే హెచ్‌టీఎంఎల్ లాంటి ట్యాగులు) ఉన్న ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ కూడా జేఎస్‌ఎక్స్ అనే ఉండాలి.

నన్ను ఒక పూటంతా తిప్పింది ఏపీఐ అడ్రస్ లాంటి సెట్టింగులుండే ఎన్వ్ ఫైలు. కోడ్‌లో ప్రాసెస్ డాట్ ఎన్వ్ తీసి ఇంపోర్ట్ డాట్ మెటా డాట్ ఎన్వ్ పెట్టాను. ఆ ఫైల్లోని పేర్ల ముందున్న 'రియాక్ట్ యాప్'ని 'వీట్'గా మార్చడం మరిచాను. ఒక్క ఎర్రర్ రాదు, ఏపీఐ అడ్రస్ మాత్రం అన్‌డిఫైన్డ్! ఇంకోటి, మీ కంప్యూటర్‌లో యాప్ నడిపేటప్పుడు పోర్టు 3000 పోయి 5173 అవుతుంది. బ్యాకెండ్‌లో కార్స్ సెట్టింగ్ (ఏ అడ్రస్ నుంచి నడిచే యాప్‌ను అనుమతించాలో చెప్పేది) చూసుకోండి. బిల్డ్ ఫోల్డర్ పేరు కూడా డిస్ట్ అవుతుంది, డిప్లాయ్ స్క్రిప్ట్‌లో మార్చండి.

ఇక కొత్త సీఎస్‌ఎస్ ఫీచర్లు ఎప్పుడు వాడొచ్చనే సంగతి. ఎండీఎన్ (వెబ్ టెక్నాలజీల వివరాలుండే సైట్)లో ఆ ఫీచర్ పేజీ పైన బేస్‌లైన్ గుర్తు చూస్తే చాలు. 'వైడ్లీ అవైలబుల్' అని ఉందంటే ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చి 30 నెలలు దాటినట్టు. ఆఫీసు పనికి నేను అంతకుమించి చూడను.