హాస్పిస్ మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది? మా నాయిన విషయంలో నేను నేర్చుకున్నది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి గర్భాశయ క్యాన్సర్, ఇంక కీమో వద్దు ఇంటికి తీసుకెళ్లండి అని హైదరాబాద్ డాక్టర్లు చెప్పేశారు, మీరు జడ్చర్లలో ఉంటారు, ఎవరో ఒక హాస్పిస్ (నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) పేరు చెప్పారు, అక్కడ చేర్చాలంటే భయంగా ఉంది, అది మంచిదో కాదో చేర్చకముందే ఎట్లా తెలుసుకోవాలి అని అడిగారు. నాకు ఈ విషయంలో చదువు లేదు, అనుభవం ఉంది. అది రాస్తాను. కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

మా నాయిన 2022లో పోయాడు. నోటి క్యాన్సర్. మాది దేవరకద్ర దగ్గర ఊరు. పాతికేళ్లు బొంబాయి, పూణే సైట్ల మీద మేస్త్రి పని చేశాడు, తంబాకు నమిలే అలవాటు అక్కడే అయింది. ఆపరేషన్, రేడియేషన్ అయిన ఏడు నెలలకే మెడ దగ్గర గడ్డ మళ్లీ వచ్చింది, ఇంక చేసేదేం లేదన్నారు. ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. ఆ నాలుగు నెలల్లో రెండు చోట్ల వాళ్ల సేవ చూశాను. ఒకటి నరకం, ఇంకొకటి మా ఇంటిల్లిపాది ఇప్పటికీ దండం పెట్టుకునే చోటు. రెంటి పేర్లూ రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి చోట్ల పేరు కాదు మనుషులు ముఖ్యం, నర్సులు మారిపోతే అదే చోటు ఏడాదిలో వేరేగా అయిపోతుంది. మీరు స్వయంగా వెళ్లి చూసుకోవాల్సిందే.

మొదటి చోటు ప్రైవేటుది. బిల్డింగ్ చూస్తే ఎవరికైనా నమ్మకం వస్తుంది. గ్రానైట్ ఫ్లోర్, ఏసీ గదులు, ముందు పూలమొక్కలు. పూణేలో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్‌లో చూసి "అక్కా, ఇక్కడే పెడదాం, డబ్బు నేను పంపుతా" అన్నాడు. డిపాజిట్ కట్టి చేర్చాం. మూడో రోజు రాత్రి రెండు గంటలప్పుడు నాయినకు నొప్పి లేచింది. మంచం ఇనుప పట్టీ పట్టుకుని పళ్లు బిగబట్టి ఊగుతున్నాడు, నోట్లోంచి మాట రావడం లేదు. నేను బయటికి పరుగెత్తితే ఒక్క ఆయా తప్ప ఎవరూ లేరు. పావుగంటకు నర్సు లేచి వచ్చి, డాక్టర్ సారు పొద్దున 9కి వస్తారమ్మా అని పారాసిటమాల్ సెలైన్ పెట్టింది. గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు ఇవ్వండి, హైదరాబాద్‌లో అదే రాసిచ్చారు అని చీటీ చూపించాను. "అది మా దగ్గర ఉండదు, అయినా అది మొదలుపెడితే అలవాటైపోతుంది, మనిషి తొందరగా పోతాడు" అంది. తెల్లారేదాకా నాయిన తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయలేను.

అందుకే మీరు అడిగినదానికి నా జవాబు ఒక్కటే. ఆ చోటికి వెళ్లి, "రాత్రి రెండు గంటలకు మా అమ్మకు నొప్పి లేస్తే మీరు ఏం చేస్తారు?" అని అడగండి. ఎవరు లేస్తారు, ఏ మందు ఇస్తారు, ఆ మందు ఇప్పుడు మీ బీరువాలో ఉందా, డాక్టర్‌ను అడగకుండా నర్సు ఇవ్వగలదా, డాక్టర్ ఫోన్ ఎత్తుతాడా. మంచి చోటు అయితే ఈ ప్రశ్నకు తడుముకోరు, వరసపెట్టి చెప్తారు. "అట్లేం కాదమ్మా, మేం చూసుకుంటాం కదా" అన్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మార్ఫిన్ గురించి మీకు ఇప్పటికే నలుగురు నాలుగు మాటలు చెప్పి భయపెట్టి ఉంటారు కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. నోటితో వేసుకునే మామూలు మార్ఫిన్ మాత్ర అరగంటలో పని చేయడం మొదలుపెడుతుంది, దాదాపు 4 గంటలు ఉంటుంది. కాబట్టి నొప్పి వచ్చినప్పుడు కాదు, రాకముందే 4 గంటలకొకసారి గడియారం చూసి ఇస్తారు. అర్ధరాత్రి లేపకుండా ఉండాలని పడుకునే ముందు డోసు పెంచి ఇవ్వడం మామూలు పద్ధతి, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి విడిగా ఒక డోసు రాసిస్తారు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ లెక్క ప్రకారం ఇస్తే మనిషి దీనివల్ల తొందరగా పోడు, వ్యసనపరుడూ కాడు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొందరికి వాంతి వస్తుంది, అవి సర్దుకుంటాయి. సర్దుకోనిది ఒక్కటే, మలబద్ధకం. అందుకని మార్ఫిన్‌తో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పకుండా రాయాలి. మార్ఫిన్ రాసి ఆ మందు రాయని డాక్టర్‌కు ఈ పని మీద సరైన శిక్షణ లేదని నాకు రెండో చోట నర్సమ్మ చెప్పింది, మీరు దీన్ని కూడా ఒక పరీక్షగా పెట్టుకోవచ్చు.

మందు ఎందుకు దొరకదంటే, 1985 నాటి మత్తుమందుల చట్టం కింద ఒక ఆసుపత్రి మార్ఫిన్ పెట్టుకోవాలంటే రకరకాల లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది, ఎవరూ ఆ తలనొప్పి పెట్టుకునేవాళ్లు కాదు. 2014లో చట్టం మార్చి దాన్ని సులువు చేశారు, ఇప్పుడు గుర్తింపు తీసుకున్న ఆసుపత్రి పెట్టుకోవచ్చు. అంటే ఈ రోజున హాస్పిస్ అని బోర్డు పెట్టుకుని కూడా మార్ఫిన్ లేదంటే, అది వాళ్లు ఆ గుర్తింపు కోసం ప్రయత్నించలేదని అర్థం. మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు, తిరిగి టైం పోగొట్టుకోకండి.

ఇంక రెండో చోటు. మొదటి దగ్గర పన్నెండు రోజులు ఉంచి నాయినను ఇంటికి తెచ్చేశాం. ఊళ్లో ఆశా వర్కర్‌కు చెప్తే ఆమె పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే సేవ) వాళ్ల నంబర్ తెచ్చి ఇచ్చింది. వాళ్లది చిన్న వార్డు, గోడలకు పెయింట్ కూడా సరిగా లేదు, చూస్తే మా తమ్ముడు వద్దనేవాడే. మొదటి రోజు నర్సమ్మ వచ్చి నాతో కాదు, నాయిన పక్కన స్టూలు వేసుకుని ఆయనతో మాట్లాడింది. అంతకుముందు ఏ డాక్టర్ అడిగినా నొప్పి ఎట్లుందని మమ్మల్నే అడిగేవాళ్లు. నాయినను అడిగినా "ఏం లేదు బిడ్డా" అనేవాడు, మాకు భారమని. ఆమె అట్లా అడగలేదు. "పెద్దాయనా, నొప్పి రూపాయికి ఎంత? పావలా వంతా, ఆఠానానా, బారాణానా?" అంది. నాయిన కాసేపు ఆలోచించి మూడు వేళ్లు చూపించి బారాణా అన్నాడు. కూలి లెక్కలు కట్టిన మనిషి కదా, లెక్క అడిగితే అబద్ధం చెప్పలేదు. మర్నాడు సాయంత్రానికి పావలా అన్నాడు. ఆ రాత్రి ఆరు గంటలు నిద్రపోయాడు. మేం కూడా.

అందుకే మీరు వెళ్లినప్పుడు చూడాల్సిన రెండోది ఇది, వాళ్లు పేషెంట్‌తో మాట్లాడతారా, ఇంటివాళ్లతోనే మాట్లాడతారా. అమ్మగారిని ఆమె పేరుతోనో, వరస కలిపో పిలుస్తున్నారా, లేక "మూడో బెడ్" అంటున్నారా. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నొప్పి ఎంతో తెలియాలంటే ఆ మనిషి నోరు విప్పాలి.

నాయిన బుగ్గ మీద పుండు పడి వాసన వచ్చేది. మనవరాళ్లు దగ్గరికి రావడం మానేశారు, అది ఆయనకు నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది. మొదటి చోట రూం ఫ్రెషనర్ కొట్టి తలుపు వేసేవాళ్లు. రెండో చోట మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి కడిగిన పుండు మీద చల్లారు, రోజూ కట్టు మార్చడం నాకూ మా అమ్మకూ నేర్పించారు, మూడు నాలుగు రోజుల్లో వాసన చాలావరకు తగ్గింది. ఖరీదైన మందు కాదు. గర్భాశయ క్యాన్సర్‌లో కూడా దుర్వాసనతో తెల్లబట్ట, రక్తం పోవడం ఉంటాయి కాబట్టి మీరు ఇది తప్పకుండా అడగండి, వాసనకు ఏం చేస్తారు, ఒకేసారి ఎక్కువ రక్తం పోతే ఏం చేస్తారు అని. సిగ్గుపడకండి. వాళ్లు సిగ్గుపడితే వాళ్లకు ఈ పని రాదని అర్థం.

నేర్పించడం గురించి ఇంకొక మాట. రెండు గంటలకొకసారి పక్కకు ఎట్లా తిప్పాలి, కింద దుప్పటి ముడత లేకుండా ఎట్లా పరచాలి, మింగలేని మనిషి నోరు తడిబట్టతో ఎట్లా తుడవాలి, ముక్కు గొట్టంలో మాత్ర పొడి చేసి ఎట్లా పోయాలి, ఇవన్నీ మాతో చేయించి చూశారు. మొదటి చోట మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు, అయినా పన్నెండు రోజుల్లో నడుం కింద పుండు పడింది. మీరు వెళ్లిన చోట పడుకుని ఉన్నవాళ్ల మడమలు, నడుం ఎట్లా ఉన్నాయో వాళ్ల ఇంటివాళ్లను మెల్లగా అడగండి. బయట టీ కొట్టు దగ్గర అడిగితే నిజం చెప్తారు. వెళ్లేది కూడా చెప్పి వెళ్లొద్దు, ఆదివారం సాయంత్రం పూట వెళ్లండి.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. రోజుకు ఎంత, అందులో మందులు కలిసి ఉన్నాయా, మధ్యలో తీసుకుపోతే డిపాజిట్ తిరిగి ఇస్తారా, కాగితం మీద రాయించుకోండి. మేం రాసివ్వం అన్నారంటే ఆ చోటు వద్దు. ఇంకోటి, చివరి దశలో కూడా రోజూ రక్త పరీక్షలు, స్కానింగులు, ఊపిరి భారమైతే ఐసీయూకి పంపిస్తాం అనే చోటు హాస్పిస్ కాదు, అది మామూలు నర్సింగ్ హోమే.

డబ్బు లేకుండా కూడా దారి ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది, మొదట పెట్టిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, వాటిలో చికిత్స ఉచితం. ఇంటికి వచ్చి చూసే వాహనం పేరు ఆలన. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో గానీ మీ పీహెచ్‌సీలో గానీ, మీ వీధి ఆశా వర్కర్‌ను గానీ అడగండి, మీ వైపుకు ఏ రోజు వస్తారో చెప్తారు. హైదరాబాద్‌లో అయితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది, ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. నేను పైన రాసిన ప్రశ్నలే వీళ్లందరినీ కూడా అడగండి, ఉచితం కదా అని మొహమాటపడొద్దు.

చేర్చాలా, ఇంట్లో ఉంచుకోవాలా అన్నది అమ్మగారిని అడిగారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. మా నాయిన మాత్రం "ప్రాణం ఇంటికాడ్నే పోవాలె" అన్నాడు. మన ఊళ్లలో బయట పోయినవాళ్లను ఇంట్లోకి తేకుండా వాకిట్లోనే పడుకోబెడతారు, ఆయనకు అది దిగులు. రెండో చోటును మంచి చోటు అని ఎందుకు అంటున్నానంటే, వాళ్లు వార్డులోనే ఉండండి అని పట్టుబట్టలేదు. నొప్పి అదుపులోకి వచ్చాక వారానికి సరిపడా మాత్రలు లెక్కపెట్టి ఇచ్చి, ఏ టైంకి ఏది అని తెలుగులో చార్టు రాసి ఇంటికి పంపారు, మా అమ్మకు చదువు రాదని సూర్యుడు, చంద్రుడు బొమ్మలు కూడా వేశారు. చివరి రెండు రోజుల్లో గొంతులో గరగర మొదలైతే ఫోన్ చేశాం. అది ఆయనకు బాధ కాదు, వినే మనకే బాధ, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నీళ్లు బలవంతంగా పోయకండి అని చెప్పి సాయంత్రానికి వచ్చి చర్మం కింద ఒక సూది ఇచ్చి వెళ్లారు. ముందే ఇదంతా ఎట్లా జరుగుతుందో చెప్పి ఉంచారు కాబట్టి మేం అంబులెన్స్ అని పరుగెత్తలేదు. తమ్ముడు రాత్రి బస్సు దిగి వచ్చాడు, నాయిన వాడి చెయ్యి పట్టుకున్నాడు, తెల్లవారుజామున పోయాడు.

ఇంట్లో పోతే కాగితాల టెన్షన్ ఉంటుంది కాబట్టి అదీ ముందే అడిగి పెట్టుకోండి, మరణ కారణం డాక్టర్ రాసిస్తాడా అని. ఊళ్లో అయితే పంచాయతీ సెక్రటరీ దగ్గర, మీకైతే మున్సిపాలిటీలో, 21 రోజుల్లోపు నమోదు చేయించాలి.

దినాలు అయ్యాక ఆ నర్సమ్మ వచ్చి మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి తీసుకుపోయింది, అవి ఇంట్లో ఉండకూడదని. వెళ్తూ వెళ్తూ మా అమ్మ దగ్గర కూర్చుని "అన్నం తింటున్నవా పెద్దమ్మా, నిద్ర పడుతున్నదా" అని అడిగింది. నెల తర్వాత ఫోన్ చేసి మళ్లీ అదే అడిగింది. మొదటి చోటునుంచి కూడా ఒకసారి ఫోన్ వచ్చింది, రెండు రోజుల బ్యాలెన్స్ ఉందని.

అమ్మగారు ఇప్పుడు ఏ నొప్పి మందు మీద ఉన్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? అది రాయండి. మార్ఫిన్ ఇంకా మొదలుపెట్టకపోతే హాస్పిస్ వెతకడం కంటే ముందు రేపే జిల్లా ఆసుపత్రికి వెళ్లి పాలియేటివ్ డాక్టర్‌ను కలవండి, హైదరాబాద్ రిపోర్టులన్నీ తీసుకెళ్లండి.